మార్లవాయి బడి, లండన్ ప్రొఫెసర్: హైమన్‌డార్ఫ్ జీవితం



మా హాస్టళ్ళలో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలను ముందు ముందు ఏమవుతారని అడిగితే కానిస్టేబుల్, టీచర్, నర్సు, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ అని చెబుతారు. అన్నీ మంచి ఉద్యోగాలే. యూనివర్సిటీలో ప్రొఫెసర్ అవుతామనే మాట మాత్రం మేము ఇన్నేళ్ళలో చాలా తక్కువసార్లు విన్నాం. పిల్లలకు తెలివి లేక కాదు. ప్రొఫెసర్ అనే మనిషి పొద్దున లేచి ఏం పని చేస్తాడో చూసినవాళ్ళు మన గూడేల్లో తక్కువ. క్లాసులో పాఠం చెప్పి వెళ్ళిపోతాడనుకుంటారు. పాఠం చెప్పడం ఆ పనిలో సగమే. మిగతా సగం అడగడం, చూడడం, రాసుకోవడం, రాసినదాన్ని మళ్ళీ సరిచూసుకోవడం.

అలాంటి ప్రొఫెసర్ ఒకరు మన మధ్యనే, మార్లవాయిలో గుడిసె వేసుకుని బతికారు. పేరు మీకు తెలుసు. నాగోబా జాతర దర్బారు దగ్గర, జనవరి 11న వర్ధంతి సభలో హైమన్‌డార్ఫ్ పేరు వినిపిస్తుంది. పట్టాలు ఇప్పించిన దొరగా మన పెద్దలు ఆయన్ని గుర్తుపెట్టుకున్నారు. ఆయన చదువు చెప్పిన మనిషి, మన పిల్లలకు చదువు ఎలా చెప్పాలో ఆలోచించిన మనిషి అన్న సంగతి మాత్రం వేదికల మీద రెండు మాటల్లో అయిపోతుంది. అందుకే ఇక్కడ ఆ వైపు ఎక్కువ రాస్తున్నాం.

పూర్తి పేరు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పాత జమీందారీ కుటుంబంలో పుట్టారు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివారు. అస్సాం, వాయవ్య బర్మా కొండజాతుల సమాజ నిర్మాణం మీద డాక్టరేట్ చేశారు. తమాషా ఏమిటంటే, ఆ సిద్ధాంత గ్రంథం రాసేనాటికి ఆయన భారతదేశంలో అడుగే పెట్టలేదు. అంతా గ్రంథాలయంలో కూర్చుని, ఇతరులు రాసిన పుస్తకాలు చదివి రాసిందే. ఆ రోజుల్లో యూరప్‌లో చాలామంది పరిశోధన అలాగే సాగేది.

తర్వాత లండన్ వెళ్ళి మాలినోస్కీ దగ్గర కూర్చున్నారు. ఒక జాతి గురించి రాయాలంటే ఆ జాతి మధ్య నెలల తరబడి ఉండాలి, వాళ్ళ భాష నేర్చుకోవాలి, వాళ్ళ తిండి తినాలి, వాళ్ళ పండుగలో నిలబడాలి అన్నది మాలినోస్కీ బడి. ఆ పద్ధతిలోనే 1936-37లో నాగా కొండలకు వెళ్ళి కోన్యాక్ నాగాల మధ్య ఏడాదిపాటు ఉన్నారు. పుస్తకాల్లో చదివిన జాతిని కళ్ళతో చూసింది అప్పుడే.

1938లో ఎలిజబెత్ బర్నార్డోను పెళ్ళి చేసుకున్నారు. మనం బెట్టీ అని పిలుచుకునే ఆవిడే. అదే ఏడాది హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకున్నాడు. దంపతులిద్దరూ 1939లో భారతదేశం వచ్చారు. ఆ సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉంది కనుక బ్రిటిష్ ప్రభుత్వం లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. అయితే చాలామంది అధికారులకు అప్పటికే ఆయన స్నేహితుడు. అందువల్ల జైల్లో పెట్టకుండా హైదరాబాద్ సంస్థానం దాటి పోకూడదని కట్టడి చేశారు. నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ, పోలీసు వ్యవహారాలు చూసే టాస్కర్ అనే అధికారి ఆయన మీద దయగా ఉండి, సంస్థానంలోని ఆదివాసీల మీద పని చేసుకోనిచ్చారు. యుద్ధం లేకుంటే ఆయన మన దగ్గరకు వచ్చేవారో లేదో చెప్పలేం.

1940లో మొదట అమ్రాబాద్ గుట్టల మీద చెంచులతో ఉన్నారు. తర్వాత గోదావరి పొడవునా పాపికొండల వైపు కొండరెడ్లతో ఉన్నారు. చెంచుల పుస్తకం 1943లో, కొండరెడ్ల పుస్తకం 1945లో వచ్చాయి. ఆ రెండూ అచ్చు కాకముందే, 1941లో, ఆదిలాబాద్ జిల్లాకు వచ్చారు.

అది ఎలాంటి కాలమో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగారు. అడవిని రిజర్వు చేసి ఊళ్ళను ఖాళీ చేయించడం, దున్నుకునే భూమికి పట్టా లేకపోవడం, బయటినుంచి వచ్చినవాళ్ళ పేర్ల మీదికి భూములు మారిపోవడం, చౌకీదార్ల జులుం ఇవన్నీ భీం పోరాటానికి కారణాలు. భీంను చంపాక కూడా కారణాలు అలాగే ఉన్నాయి. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి అప్పుడు వచ్చింది. ఒక విషయం సూటిగా చెప్పుకోవాలి. సర్కారు హైమన్‌డార్ఫ్ మాట విన్నదంటే, అంతకుముందు భీం రక్తం చిందింది కనుకనే విన్నది. ఈ రెండు పేర్లనూ వేరు వేరు పేజీల్లో పెట్టి చదివితే కథ సగమే తెలుస్తుంది.

ఆయన ఇప్పటి జైనూర్ మండలంలోని మార్లవాయిలో మకాం పెట్టారు. గోండి నేర్చుకున్నారు. నాల్వెన్, సివెన్, సర్వెన్, యెర్వెన్ సగాల లెక్కలు రాసుకున్నారు. పర్ధాన్లు కిక్రీ పట్టి చెప్పే కథలను గంటల తరబడి విని రాసుకున్నారు. దండారి, పెర్సాపెన్ పూజలు, పెళ్ళిళ్ళు, చావులు అన్నీ చూశారు, ఫొటోలు తీశారు. మన తాతల చేతికి అప్పటికి కెమెరా రాలేదు కదా, ఈ రోజు ఆనాటి గుస్సాడీ నెమలి ఈకల టోపీ ఎలా ఉండేదో చూడాలంటే ఆ ఫొటోలే దిక్కు. రాజ్ గోండుల మీద రాసిన పుస్తకం 1948లో అచ్చయింది. కానీ పుస్తకం రాకముందే అంతకన్నా పెద్ద పని ఒకటి జరిగింది.

1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టారు. టాస్కర్ తర్వాత ఆ పదవిలోకి వచ్చిన గ్రిగ్‌సన్ అండ దీనికి ఉంది. ఆయన అంతకుముందే బస్తర్ మాడియా గోండుల మీద పుస్తకం రాసిన మనిషి. హైమన్‌డార్ఫ్ ఆలోచనను, గ్రిగ్‌సన్ అధికారాన్ని కలిపితే వచ్చిన పథకం అది.

మేము టీచర్ ట్రైనింగ్ చదివినవాళ్ళం కనుక ఈ పథకం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాం. మామూలుగా సర్కారు బడి పెట్టాలంటే ఎలా పెడుతుంది? ముందు భవనం, తర్వాత పట్నం నుంచి ఒక టీచరు, తర్వాత పిల్లలు. ఆ టీచరుకు పిల్లల మాట రాదు, పిల్లలకు టీచరు మాట రాదు. మార్లవాయిలో వరుసను తిరగేశారు. గోండుల్లోనే కాస్త అక్షరజ్ఞానం ఉన్న యువకుల కోసం వెతికారు. అలాంటివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే దొరికారు. వాళ్ళకు చదవడం, రాయడం, లెక్కలు, బోధన నేర్పి, వాళ్ళనే వాళ్ళ ఊళ్ళకు టీచర్లుగా పంపారు. పిల్లవాడికి బడిలో మొదట ఎదురుపడేది తన మామో, కాకానో, తన సగా వాడో. వాచకాలు గోండిలో తయారుచేసి నాగరి లిపిలో అచ్చు వేశారు. చుట్టుపక్కల మరాఠీ వాడుక ఎక్కువ కనుక ఆ లిపి వస్తే తర్వాత మరాఠీ చదవడం సులువవుతుందన్నది ఆలోచన. సర్కారు కాగితాలు ఉర్దూలో నడిచే రోజులు అవి. అయినా బడి గుమ్మంలో మొదటి మాట గోండి.

ఇది ఎందుకంత ముఖ్యమో హాస్టల్లో పని చేసేవాళ్ళకు ప్రతి జూన్‌లోనూ తెలుస్తుంది. గోండిలో ఏర్ అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే వాగు. కొత్తగా చేరిన చిన్నపిల్ల దాహమై ఏర్ అని అడిగితే, భాష తెలియని మనిషికి ఆ పిల్ల వాగు దగ్గరికి పోతానంటోందని అర్థమవుతుంది. నీళ్ళు అడగడానికే ఇంత తిప్పలయితే భాగహారం సంగతి ఏమిటి? ఆ పిల్ల ఇంట్లో గలగలా మాట్లాడేదే. బడిలో నోరు విప్పదు. రెండో నెలకల్లా మొద్దు అన్న పేరు పడుతుంది. నాలుగో తరగతికి మానేస్తుంది. మానేసిన పిల్లల పేర్లు రిజిస్టర్లో ఎర్ర సిరాతో కొట్టేసేటప్పుడు, కారణం అన్న గడిలో భాష అని రాసే ఏర్పాటు ఎక్కడా లేదు. ఇంటి భాషలో చదవడం పట్టుబడిన పిల్లకు రెండో భాష నేర్చుకోవడం సులువని ఇప్పుడు డీఎడ్ పుస్తకాల్లో ఉంది. మార్లవాయిలో 1943లోనే దాన్ని చేసి చూశారు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ బడులను ఎక్కువ రోజులు నడిపింది హైమన్‌డార్ఫ్ కాదు. ప్రత్యేకాధికారిగా వచ్చిన సేతుమాధవరావు పగడి గోండి నేర్చుకుని, ఊరూరా తిరిగి పని చేశారు. ఆదిలాబాద్ గోండుల మీద ఆయన కూడా ఒక పుస్తకం రాశారు. అన్నిటికన్నా ఎక్కువగా, ఆ మొదటి గోండు టీచర్లు. వానాకాలం వాగులు దాటి బడికి పోయింది వాళ్ళు. వాళ్ళలో కొందరు తర్వాత సర్కారులో చిన్న ఉద్యోగాలకూ వెళ్ళారు. అందరి పేర్లూ మనకు అందలేదు. మీ ఇంట్లో తాత పాత ట్రంకుపెట్టెలో నాగరి అక్షరాల గోండి వాచకం ఏదైనా ఉంటే దయచేసి పారేయకండి.

1944-45లో భారత ప్రభుత్వం ఆయన్ని ఇప్పటి అరుణాచల్‌లోని సుబన్‌సిరి ప్రాంతానికి పంపింది. అక్కడ అపతానీల మధ్య పని చేశారు. తిరిగి వచ్చాక 1945 నుంచి 1949 దాకా రెండు కుర్చీల్లో కూర్చున్నారు. ఒకటి నిజాం ప్రభుత్వానికి ఆదివాసీ వ్యవహారాల సలహాదారు కుర్చీ. రెండోది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర ఆచార్యుడి కుర్చీ. ఆ ఉస్మానియా గురించి ఒక మాట. 1918లో పుట్టినప్పటినుంచీ అది ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పిన విశ్వవిద్యాలయం. వైద్యం, ఇంజినీరింగ్ సైతం దేశభాషలో చెప్పొచ్చని హైదరాబాద్ రుజువు చేసి చూపింది. ఒకే సంస్థానంలో పైన యూనివర్సిటీకి ఉర్దూ, కింద మార్లవాయి బడికి గోండి. పెద్ద చదువుకు ఇంగ్లిష్ తప్ప దారి లేదనుకునేవాళ్ళు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

సలహాదారుగా ఆయన రాసిన నివేదికలు అల్మారాల్లో ఉండిపోలేదు. 1949 నాటికి ఆదిలాబాద్ జిల్లాలో 11 వేలమందికి పైగా ఆదివాసీలకు సుమారు 1,60,000 ఎకరాలకు పట్టాలు అందాయి. ఆదివాసీ ప్రాంతాల కోసం 1356 ఫసలీ, అంటే 1946 నాటి నిబంధన, తర్వాత 1949లో దాని బదులు వచ్చిన నిబంధన, మన పంచాయతీలకు, మన భూమికి ప్రత్యేక రక్షణ ఇచ్చాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి కూర్చుని జనం గోడు వినే దర్బారు కూడా ఆ దశాబ్దంలో ఆయన చొరవతో మొదలైందే.

1949లో లండన్ వెళ్ళిపోయారు. లండన్ విశ్వవిద్యాలయంలోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో చేరి, 1951లో ఆసియా మానవశాస్త్ర ఆచార్యుడై, 1976లో పదవీ విరమణ దాకా అక్కడే ఉన్నారు. మానవశాస్త్ర శాఖను అక్కడ నిలబెట్టింది ఆయనే. 1953లో నేపాల్ తలుపులు తెరవగానే వెళ్ళిన తొలి విదేశీ పరిశోధకుల్లో ఆయన ఒకరు. షెర్పాల మీద రాసిన పుస్తకం 1964లో వచ్చింది. రాయల్ ఆంత్రోపాలజికల్ ఇన్‌స్టిట్యూట్‌కు అధ్యక్షుడిగానూ పని చేశారు. ఈ పాతికేళ్ళ గురించి విశ్వవిద్యాలయాల వాళ్ళు చాలా రాశారు, మేము ఇంతటితో వదిలేస్తున్నాం.

అయితే బెట్టీ గురించి మన ఆడపిల్లలకు చెప్పాలి. భర్త వెళ్ళిన ప్రతి కొండకూ ఆమె వెళ్ళింది. మగవాళ్ళను పోనివ్వని చోట ఆడవాళ్ళ మధ్య కూర్చుని విన్నది ఆమె. ఎడ్లబండ్లు, బియ్యం, మందులు, గుడారాలు అన్నీ చూసుకుంది. అంతటితో ఆగలేదు. దక్షిణాసియా మానవశాస్త్రంలో ఎవరు ఏం రాశారో తెలిపే గ్రంథసూచిని మూడు సంపుటాలుగా తయారుచేసింది. మొదటిది 1958లో వచ్చింది. కంప్యూటర్ లేని కాలంలో ఒక్కో పుస్తకం, ఒక్కో వ్యాసం వెతికి పట్టుకుని కార్డుల మీద రాసుకోవడమంటే ఎంత ఓపిక కావాలి! ఆమెకు ప్రొఫెసర్ అన్న బిరుదు లేదు. ఆమె చేసిన జాబితా పట్టుకుని పరిశోధనలు చేసి ఎందరో ప్రొఫెసర్లయ్యారు.

పదవీ విరమణ తర్వాత చాలామంది తోటపని చేసుకుంటారు. ఆయన 1976 నుంచి మళ్ళీ మన ఊళ్ళకు వచ్చారు. ముప్పై ఐదేళ్ళ కింద తాను చూసిన కుటుంబాల భూమి ఏమైంది, బడి ఏమైంది అని ఊరూరా మళ్ళీ అడిగారు. ఇది అందరూ చేసే పని కాదు. తాను ఇప్పించిన పట్టాలు చేతులు మారిపోయి ఉంటే, ఆ సంగతి రాయడానికి ధైర్యం కావాలి.

మారిపోయే ఉన్నాయి. రోడ్లు పడ్డాక బయటివాళ్ళు వేలల్లో వచ్చి స్థిరపడ్డారు. అప్పులకు, మోసానికి, కాగితం చదవలేకపోవడానికి భూములు పోయాయి. 1959లో వచ్చిన భూబదలాయింపు నిషేధ చట్టం తెలంగాణ ఏజెన్సీకి వర్తించింది 1963లో. అది గట్టిపడింది 1970లో, మనం 1/70 అని పిలుచుకునే సవరణతో. ఈ లోపల పోయింది పోయింది. బడుల సంగతీ అంతే. గోండి వాచకాలు మూలపడ్డాయి, ఊరివాడైన టీచరు స్థానంలో భాష తెలియని టీచరు వచ్చాడు. అవన్నీ ఆయన దాచకుండా, ఇద్దరు సహ పరిశోధకులతో కలిసి భారతదేశపు ఆదివాసీల మనుగడ పోరాటం మీద పుస్తకంగా 1982లో తెచ్చారు. దానికి ఏడాది ముందే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగాయి.

ఆయన మీద విమర్శలున్నాయి. మీరు యూనివర్సిటీకి వెళ్తే వింటారు కనుక ఇక్కడే చెప్పేస్తున్నాం. నిజాం జీతం తీసుకుని తిరుగుబాటును చల్లార్చడానికి పనికొచ్చాడని కొందరంటారు. ఆదివాసీలను మ్యూజియంలో బొమ్మల్లా ఉంచాలనుకున్నాడని ఇంకొందరు. మొదటి మాటలో కొంత నిజముంది, సర్కారు తన అవసరానికే ఆయన్ని వాడుకుంది. రెండో మాట మాకు ఒప్పుదల కాదు. పిల్లలకు బడి పెట్టి, టీచర్లను తయారుచేసి, భూమికి పట్టా ఇప్పించడం మ్యూజియం పని కాదు. మా ఫిర్యాదు వేరే ఉంది. ఆయన మన మీద రాసిన పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి, చాలా పుస్తకాల ధర మనకు అందదు. మన గురించి ఉన్న పుస్తకాన్ని మన పెద్దలు చదవలేకపోయారు. అది ఆయన ఒక్కడి తప్పు అనలేం గానీ, లోటు లోటే.

మార్లవాయి ఆలోచన చచ్చిపోలేదు, పడుతూ లేస్తూ వస్తోంది. ఏజెన్సీ బడుల్లో స్థానిక ఆదివాసీలే టీచర్లుగా ఉండాలని 2000లో వచ్చిన జీవో 3 దాని వారసురాలే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. నూటికి నూరు శాతం కేటాయింపు రాజ్యాంగానికి నిలవదన్నది కోర్టు మాట. డీఎడ్, బీఎడ్ పూర్తిచేసి ఎదురుచూస్తున్న మన పిల్లలకు ఆ రోజు ఎలా గడిచిందో మీకు తెలుసు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోలామీ సహా 8 భాషల్లో మాతృభాషా విద్య మొదలుపెట్టారు. పుస్తకాలొచ్చాయి, టీచర్లకు శిక్షణ ఇచ్చారు. కొన్నిచోట్ల బాగా నడిచింది, కొన్నిచోట్ల పుస్తకాలు కట్టలు విప్పకుండానే ఉండిపోయాయి. 1943లో వాచకాలకు నాగరి లిపి అరువు తెచ్చుకోవలసి వచ్చింది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల వల్ల గోండికి సొంత లిపి ఉందని లోకానికి తెలిసి, 2018లో గుంజాల గోండి యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు మీ ఫోన్లో ఆ అక్షరాలతో మెసేజ్ రాసుకోవచ్చు. ఈ లిపి మీద, ఆ వాచకాల మీద, భాష రాక బడి మానేసిన పిల్లల మీద పీహెచ్‌డీ చేయడానికి గోండి, కోలామీ తెలిసిన పరిశోధకులు కావాలి. ఈ సంచిక చదివేవాళ్ళలో పీజీ చేస్తున్నవాళ్ళుంటే, నెట్, సెట్ పరీక్షల సమాచారం, ఎస్టీ విద్యార్థులకు ఇచ్చే జాతీయ ఫెలోషిప్ వివరాలు మీ దగ్గర్లోని హాస్టల్ వార్డెన్‌ను అడగండి. తెలియకపోతే తెలుసుకుని చెబుతాం.

1987 జనవరిలో బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూసింది. ఆమె కోరిక ప్రకారం మార్లవాయికి తెచ్చి, మన పద్ధతిలో మన నేలలోనే సమాధి చేశారు. ఆయన 1990లో భారతదేశ ఆదివాసీల మధ్య తన జీవితాన్ని ఆత్మకథగా రాశారు. 1995 జూన్ 11న లండన్‌లో చనిపోయారు. ఆయన తీసిన వేల ఫొటోలు, ఫిల్ములు, రాతపుస్తకాలు ఆయన పాఠం చెప్పిన లండన్ విద్యాసంస్థలోనే ఉన్నాయి. ఆయన అస్థికలు మాత్రం మార్లవాయికి వచ్చాయి, బెట్టీ పక్కన ఉన్నాయి.